టోపీ కింద ఇంజను

పండుగ ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్నే బాలిక్‌పాపన్ నుంచి ఫోను వస్తే బెస్సె హసానా మొదట తీయలేదు. తరకాన్ రేవులో ఆమె టిక్కెట్ల బల్ల ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఏడాదంతా ఖాళీగా తిరిగిన సీట్ల లోటు ఈ నాలుగు రోజుల్లోనే పూడాలి. ఇలాంటప్పుడు విడిభాగాల వ్యాపారి ఫోను చేశాడంటే ఏదో అంటగట్టడానికే అయి ఉంటుంది. ఫోను ఆగకుండా మోగుతుంటే విసుక్కుంటూ తీసింది.

"ఇబూ, చెడ్డ కబురు" అన్నాడతను, అమ్మగారిని ఆ తీరంలో పిలిచే పిలుపుతో. "కిందటి వానల్లో పంపిన షాఫ్టులు ఉన్నాయే, ఆ విడత సరుకు తేడా. ఇనుము సరిగా కాగలేదట. వేగం మీద ఉండగా పుటుక్కుమంటున్నాయి. నిన్న ఒకచోట పడవ గిర్రున తిరిగి మడ చెట్లలో దూరింది. జనం బతికారు. మీకు ఒక్కటే పంపాను. అది వేసిన ఇంజను ఆపేయండి, మీకు పుణ్యం ఉంటుంది."

ఇంజను తల నుంచి నీళ్లలో తిరిగే ఫ్యాను దాకా దిగే ఇనుప కడ్డీ షాఫ్టు. పడవకు రెండు ఇంజన్లు. పూర్తి వేగంలో ఒకదాని కడ్డీ విరిగితే, రెండోది పడవను అడ్డంగా తిప్పేస్తుంది. నిలకడ నీళ్లలో అయితే నవ్వుకోవచ్చు. నది సముద్రంలో కలిసే చోట, ఎదురు కెరటాల మధ్య, కొట్టుకొచ్చే దుంగల మధ్య పడవ అడ్డం తిరిగితే నవ్వడానికి ఎవరూ మిగలకపోవచ్చు.

హసానా కంగారు పడలేదు. కంగారు పడేవాడు ఎప్పుడూ ఎక్కువ ధర పెట్టి కొంటాడని ఆమెకు ఎండుచేపలు అమ్మే రోజుల్లోనే తెలుసు. పక్కనే కూర్చున్న తమ్ముడి కూతురు తెన్రిని పిలిచింది.

"ఏమే, ఆ ఫోనులో చూడు. వానల్లో కొత్త షాఫ్టు దేనికి వేశామో."

ఇంజన్ల మరమ్మతులన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది తెన్రే. పాలిటెక్నిక్ చదివి వచ్చి, అత్త వ్యాపారంలో అంతా నోటిమాట మీద నడుస్తోందని చూసి, ఒక్కో ఇంజనుకు ఒక్కో స్టిక్కరు అంటించింది. మెకానిక్కు దానికి ఫోను చూపిస్తే చాలు, ఆ ఇంజను జాతకం తెర మీదకు వస్తుంది. నూనె ఎప్పుడు మార్చారు, ఏ భాగం పోయింది, ఏది వేశారు, అన్నీ.

"ఆకుపచ్చది, ఎడమ ఇంజను" అంది తెన్రి వెంటనే.

హసానాకు ఉన్నవి మూడు పడవలు. ఎర్రది అరగంట కిందటే నునుకాన్‌కు బయల్దేరింది. నీలిది జనాన్ని ఎక్కించుకుంటోంది. ఆకుపచ్చది అడుగు కారుతోందని మొన్ననే ఒడ్డుకు లాగించింది. అంటే చెడ్డ కడ్డీ వేలాడుతున్నది గట్టు మీద, గాలిలో. దానివల్ల గడ్డిపరకకు కూడా ప్రమాదం లేదు.

"దేవుడు గొప్పవాడు" అనుకుంది. ఎర్ర పడవలో ఆమె అక్క హాజా నాహెరా ఉంది. కూతురింట పండుగ చేసుకోవడానికి నాలుగు బిస్కెట్ డబ్బాలతో, బుట్టలో రెండు నాటుకోళ్లతో ఎక్కింది. టిక్కెట్టు కొనలేదు సరే, కోళ్లకు మంచి చోటు ఇవ్వలేదని తిట్టిపోయింది కూడా.

చెడ్డ సరుకును కళ్లతో చూస్తే గాని హసానాకు నమ్మకం కుదరదు. బల్ల దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి, తెన్రిని వెంటబెట్టుకుని పడవలు లాగే గట్టు మీదకు నడిచింది.

మెకానిక్కు దాయెంగ్ సనూసి కబురు అంది అప్పటికే ఆకుపచ్చ పడవ కింద చాప పరుచుకుని ఉన్నాడు. ఉపవాసపు నెలలో సిగరెట్టు లేక అతనికి పగలంతా నోరు ఊరుకోదు.

"రండి ఇబూ, రండి. ఉపవాసం ఉన్నవాడి చేత బోల్టులు విప్పిస్తే నరకంలో ఏ గది ఇస్తారో కనుక్కుని వచ్చారా?"

"ముందు నువ్వు విప్పు దాయెంగ్. గది సంగతి నేను మాట్లాడతాను, బేరం నాకు అలవాటే."

సనూసి ఎడమ ఇంజనుకు నీళ్లలోకి దిగే కాలు విప్పి కడ్డీని బయటికి లాగాడు. గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కడ్డీని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏమిటి?"

"ఇది కొత్తది కాదు ఇబూ. కంపెనీతో వచ్చిన పాత కడ్డీ. పళ్లు చూడండి, అరిగిపోయిన ముసలి పళ్లు. ఈ ఇంజనుకు ఎవరూ ఎప్పుడూ షాఫ్టు మార్చలేదు."

"నువ్వే మార్చావని ఇందులో ఉంది!" తెన్రి ఫోను చూపించింది.

"మార్చాను, కాదన్నానా? మార్చిన ఇంజను ఇది కాదంటున్నాను."

"మరి స్టిక్కరు ఇదేగా?"

ముగ్గురూ స్టిక్కరు వంక చూశారు. ఇంజను మీద ఉండే ప్లాస్టిక్ మూతను రేవులో అందరూ టోపీ అంటారు. ఎండావానా తగిలినా చెరగకుండా, మూత తీయకుండానే ఫోనుకు కనబడేలా, తెన్రి స్టిక్కర్లన్నీ టోపీల మీద అంటించింది. టోపీ ఇప్పుడు గడ్డి మీద పక్కన పడి ఉంది. ఆకుపచ్చ రంగు, మెరుస్తూ.

హసానా వంగి టోపీని చేతిలోకి తీసుకుంది. ఆ రంగు పెట్టించింది తనే. ఎర్ర పడవకు ఎర్ర టోపీలు, నీలానికి నీలం. ఒకప్పుడు రెండు రంగుల టోపీలతో పడవ బయల్దేరితే, పక్క బల్ల వాళ్లు "అరువు ఇంజనమ్మా, దారిలో అడుక్కుంటుంది, ఎక్కకండి" అని జనం ముందు అరిచేవాళ్లు. జనం నిజంగానే దిగిపోయేవాళ్లు. అందుకని ఆమె ఆజ్ఞ వేసింది. ఇంజన్లు ఎటు మారినా సరే, టోపీలు మాత్రం పడవను వదలకూడదు.

ఇంజన్లు మారుతూనే ఉంటాయి. అన్నీ ఒకే అచ్చు. ఒక పడవది మొరాయిస్తే ఖాళీగా ఉన్న పడవది పీకి తగిలించడం, కొట్టులో ఉన్న అదనపు దాన్ని తెచ్చి పెట్టడం సనూసికి గంట పని. ఆగిన పడవ తిండి తింటుంది, కదిలే పడవ తిండి పెడుతుంది అని అతనికి నూరిపోసింది కూడా హసానాయే.

"దాయెంగ్, ఇంజను మార్చినప్పుడు టోపీ ఏం చేసేవాడివి?"

"ఏం చేస్తాను? మీరు చెప్పిందే. దీనిది తీసి దానికి, దానిది తీసి దీనికి. తర్వాత ఫోను పెట్టి చూసేవాణ్ని. ఆకుపచ్చది, ఎడమ అని వచ్చేది. పడవా ఆకుపచ్చే, పక్కా ఎడమే. సరిపోయింది కదా అనుకున్నాను!"

"మార్చానని నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా దాయెంగ్!" అంది తెన్రి. "మార్పు రాయడానికి అందులో వేరే చోటు ఉంది."

"తెర మీద తప్పు లేనప్పుడు ఏం దిద్దమంటావు తల్లీ?"

"చాల్లే" అంది హసానా. "బుట్ట మీద చీటీ అంటించి, చేపల్ని వేరే బుట్టలో పోశాం. చీటీ అబద్ధం చెప్పలేదు. మనమే చేపను అడగాల్సింది బుట్టను అడిగాం. తప్పులో ముగ్గురికీ వాటా ఉంది, తర్వాత పంచుకుందాం. ఇప్పుడు ఆ కడ్డీ ఎక్కడుంది?"

గట్టు మీది నుంచి చూస్తే నీలి పడవలో జనం నిండిపోతున్నారు. ఎర్రది కనుచూపు దాటిపోయింది. ఇంకో అరగంటలో అది నదీముఖం దగ్గరికి చేరుతుంది. రేవు దాటితే నునుకాన్ దాకా ఫోన్లు పలకవు.

"ఇంజన్ల మెడ మీద నంబరు ఉంటుంది కదా" అంది తెన్రి.

"ఉప్పు తినేసింది. తినగా మిగిలిన దానికి నేను రంగు పూసేశాను" అన్నాడు సనూసి తల వంచుకుని.

"నువ్వు ఎన్నిసార్లు మార్చావో, ఏది ఎక్కడికి పోయిందో గుర్తుందా?"

"ఇబూ, మొన్న ఏం తిని ఉపవాసం మొదలుపెట్టానో నాకు గుర్తులేదు."

హసానా నీలి పడవను ఆపమని కబురు పంపింది. ఒక్కో ఇంజను కాలు విప్పి కడ్డీ చూడాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోగా జనం రేవును పీకి పందిరి వేస్తారు. పోనీ, మిగతా రోజంతా అన్నీ ఆపేస్తేనో? ఒడ్డున ఉన్నవి ఆపగలదు. నీళ్ల మీద ఉన్నదాన్ని ఆపడం ఎలా? ఆపినా, ఏం చెప్పి ఆపాలి? రెండు ఇంజన్లూ ఆర్పేస్తే అది పడవ కాదు, దుంగ.

తెన్రి గడ్డి మీద చతికిలబడి ఫోను మీద వేలు ఆడిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"అత్తా, ఇంజన్లు ఎన్ని గంటలు తిరిగాయో ఇందులో ఉంది."

"ఉంటే?"

"ఆ లెక్క టోపీలో ఉండదు. ఇంజను లోపల ఉంటుంది. దాయెంగ్ తీగ పెట్టి చదువుతాడు."

"అవునవును" అన్నాడు సనూసి. "ఆ గంటలు కొడితే గాని నీ తెర ముందుకు జరగదు. ఎన్నిసార్లు తిట్టుకున్నానో నిన్ను."

"ఇది చూడండి. ఆకుపచ్చ ఎడమది. షాఫ్టు వేసిన రోజు పద్దెనిమిది వందల గంటలు. తర్వాతిసారి తొమ్మిది వందలు. ఇంజను చిన్నదైపోయింది! అప్పుడే ఇక్కడ హెచ్చరిక గుర్తు కూడా వచ్చింది. దాయెంగ్ వేళ్లు లావు, తప్పు అంకె కొట్టాడనుకుని నేనే తీసేశాను."

"నా వేళ్ల మీద ఎంత నమ్మకం!" అన్నాడు సనూసి.

హసానా పక్కనే కూర్చుంది. "మనుషులు వయసు తగ్గించి చెబుతారు. ఇంజనుకు ఆ అవసరం లేదు. ఊఁ, చెప్పు. ఆ పద్దెనిమిది వందలది ఎటు పోయింది?"

తెన్రి వెతికింది. అదే వారం నీలి పడవ కుడి ఇంజను ఒక్కసారిగా ముసలిదైపోయింది. పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందలు దాటింది. కొన్నాళ్లు అక్కడే నెమ్మదిగా పెరిగింది. మళ్లీ ఒకరోజు నీలి కుడిది కుర్రదైపోయింది, ఎర్ర కుడిది రెండు వేల పైకి ఎగిరింది. నిన్నగాక మొన్నటిదాకా అక్కడే ఉంది.

"ఎర్ర కుడి" అంది తెన్రి.

కాటా చెప్పింది కదా అని హసానా ఎన్నడూ డబ్బు చేతిలో పెట్టలేదు. తెలిసిన మూట ఒకటి వేసి కాటాను తూచాకే కొనేది. లేచింది.

"దాయెంగ్, తీగ పట్టు. కడ్డీ వద్దు, వయసు చాలు. ఇక్కడ ఆకుపచ్చ రెండోది, కొట్టులో ఉన్నది, నీలి రెండూ. రెండు వేల పైన ఉన్నది వీటిలో కనబడకపోతే అది ఎర్రదాని మీదే ఉన్నట్టు. కనబడితే మా పిల్ల లెక్క తప్పు."

సనూసి అంత వేగంగా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆకుపచ్చ రెండోది చిన్నదే. కొట్టులోది ఇంకా చిన్నది. నీలి పడవలో జనం అరుస్తున్నారు.

"ఏమిటమ్మా, పండుగ అయిపోయాక తీసుకెళ్తారా?"

"తీగలు పెడుతున్నారేమిటి, ఇంజనుకు జ్వరమా?"

"జ్వరం లేదని చూసుకునే పంపిస్తాను బాబూ" అంది హసానా. "మీ అత్తవారింటికి ఆలస్యమైతే నా పేరు చెప్పుకోండి."

నీలి ఎడమది తొమ్మిది వందల చిల్లర. నీలి కుడిది పదమూడు వందలు. తెన్రి ముందే కాగితం ముక్క మీద వేసి ఉంచిన అంకెల పక్కన ఇవి వచ్చి కూర్చున్నాయి, రోజువారీ పెరుగుదల తప్ప తేడా లేదు. పిల్ల లెక్క నిలబడింది. రెండు వేల ముసలిది ఇక్కడెక్కడా లేదు.

"నీలిదాన్ని వదిలెయ్" అంది హసానా. జనం చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్లవైపు చూడలేదు.

చేతి రేడియోలో ఎర్ర పడవ సరంగు అంబో తువోను పిలిచింది. బరబరమని గాలి తప్ప జవాబు లేదు. ఆ రేడియో రేవు మలుపు దాటితే మూగది. పెద్దది కొందామని సనూసి అన్నప్పుడల్లా వచ్చే ఏడాది చూద్దామంది. పెద్ద రేడియో ఉన్నది పక్క బల్ల హాజీ ముస్తారికి. అరువు ఇంజనమ్మా అని అరిపించింది కూడా ఆయనే.

వెళ్లి ఎదురుగా నిలబడింది. హాజీ కళ్లద్దాల మీదుగా చూశాడు.

"రా హసానా. నీ పడవలకు రంగు తగ్గలేదు గానీ, నీ మొహానికి ఏమైంది?"

"హాజీ, ఎర్రదాని మీద చెడ్డ షాఫ్టు ఉంది. నా రేడియో అందడం లేదు."

హాజీ నవ్వు మొహం నవ్వుగానే ఉండిపోయింది గానీ చేయి రేడియో మీదకు పోయింది. ఈ రేవులో జనం కోసం చొక్కాలు పట్టుకుంటారు. నీళ్ల మీద మాత్రం శత్రువు పడవ కూడా సొంత పడవే, తాతల నాటి నుంచి అంతే. ఆయన పడవ ఒకటి అదే దారిలో నునుకాన్ నుంచి ఎదురు వస్తోంది.

"ఏ ఇంజను?"

"కుడిది."

"ఎవరి కుడి? వెనక్కి తిరిగి ఇంజన్లు చూసేవాడిదా, ముందుకు చూసి తోలేవాడిదా?"

"తోలేవాడిది."

"అట్లా చెప్పు. సగం ప్రాణాలు ఇలాంటి చోటే పోతాయి." హాజీ రేడియోలోకి వంగాడు. "ఒరే, హసానా ఎర్ర పడవ ఎదురొస్తుంది, ఎక్కడ కనబడితే అక్కడ ఆపు. తోలేవాడి కుడి ఇంజను ఆర్పి, నీళ్లలోంచి పైకి ఎత్తెయ్యమను. ఎడమ దాంతో మెల్లగా, ఒడ్డు పట్టుకుని పొమ్మను. ఎందుకని అడిగితే ఇబు మాట అని చెప్పు. అర్థమైందా? మళ్లీ చెప్పు నాకు."

గాలి బరబరల మధ్య ఆ మాటలే తిరిగి వచ్చాయి.

ఆ తర్వాత కాసేపు చేయడానికి ఏమీ లేదు. హసానాకు చేతిలో పనిలేని ఘడియ ఎప్పుడూ నష్టంలాగే అనిపిస్తుంది. ఇప్పుడైతే ఆ ఘడియ మెడ మీద కూర్చుంది. గట్టు మీద సనూసి సుత్తి, ఉలి తీసుకుని ఆకుపచ్చ పడవ ఇంజను మెడ మీద రంగు గీకి, ఇనుములోకి చుక్కలు కొడుతున్నాడు. టోపీ జోలికి పోలేదు. తెన్రి ఆ చుక్కల్ని ఫోనులో ఎక్కిస్తోంది. ఇంజనుకు ఒక వరుస, అది కూర్చునే చోటుకు వేరే వరుస, మార్చినప్పుడల్లా రెంటినీ కలపాలి. చేతులకు ఏదో ఒక పని ఉండాలని వాళ్లిద్దరూ చేస్తున్నారని హసానాకు తెలుసు. ఆపలేదు.

రేడియో గుర్రుమంది. హాజీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"దొరికాడు" అన్నాడు. "నదీముఖం ఇవతలే. కుడిది ఎత్తేశాడు. ఒంటి ఇంజనుతో పోతున్నాడు. జనం బూతులు తిడుతున్నారట."

"తిట్టనీ" అంది హసానా. నిలబడ్డ చోటే పక్కనున్న ఖాళీ చేపల పెట్టె మీద కూర్చుండిపోయింది.

"నీళ్లు తాగు హసానా. ఉపవాసం తర్వాత తీర్చుకోవచ్చు, దేవుడు నీలాంటి వ్యాపారి కాదు."

"ఆయన దగ్గర ఇప్పుడే ఒక ఖాతా తెరిచాను హాజీ. అప్పుడే బాకీ పెట్టలేను."

హాజీ పెద్దగా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. పొద్దున నుంచి మొదటిసారి.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యి, రెండో విడత జనం బల్ల ముందు చేరే వేళకు ఫోను మోగింది. అక్క పేరు. హసానా ఎత్తగానే ఫోను దూరంగా పట్టుకోవలసి వచ్చింది.

"బెస్సే! నీ పడవ మునిగిపోను! అది పడవా, ఎడ్లబండా? కొంగలు మా మీద నుంచి ముందుకెళ్లిపోయాయి! ఉపవాసం ఉన్నదాన్ని, ఎండలో తాబేలులా ఈడ్చుకొచ్చాడు మీవాడు!"

"చేరావా అక్కా?"

"చేరక? సగం జనం ఒడ్డు పట్టుకుని నడిచి వస్తే నాకంటే ముందే చేరేవాళ్లు! కోళ్లు సొమ్మసిల్లాయి. ఒకటి ఇంకా కళ్లు తెరవలేదు. ఎవడు కడతాడు దాని ధర?"

"నేనే కడతానక్కా."

"నువ్వు కడతానంటున్నావా?" చెల్లెలు బేరం ఆడకపోవడం నాహెరాకు కొత్త. మళ్లీ అందుకుంది. "ఇంకా విను. మీ అంబో తువో రేవులోనే ఇంజను కాలు విప్పించి కూర్చున్నాడు. ఏదో ఇనుప కడ్డీ పైకెత్తి వచ్చేపోయేవాళ్లందరికీ చూపిస్తున్నాడు. దాని మెడ చుట్టూ వెంట్రుకంత పగులట. ఇంకాస్త తిరిగితే రెండు ముక్కలేనట! అలాంటి దాని మీద నన్ను ఎక్కించావా? నీ తోడబుట్టినదాన్ని! అమ్మ ఉంటే నీ చెవులు మెలేసేది!"

హసానా కళ్లు మూసుకుంది. వెంట్రుకంత. బల్ల అవతల ఎవరో రెండు టిక్కెట్లు, రెండు టిక్కెట్లు అంటూ నోటు ఊపుతున్నారు. తెన్రి ఏమైందన్నట్టు కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. హసానా ఆమెకు ఫోను వినిపించి, బొటనవేలు పైకెత్తింది. తెన్రి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"వింటున్నావా, లేక టిక్కెట్లు అమ్ముకుంటున్నావా?" అటువైపు నుంచి నాహెరా.

"అమ్మడం లేదక్కా" అంది హసానా. నోటు ఊపుతున్న మనిషిని కాసేపు ఆగమని చేయి చూపింది. "వింటున్నాను. ఇంకా తిట్టు."

"తిట్టనా? నీ అనుమతి కావాలా నాకు?" అని నాహెరా మళ్లీ కోళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టింది.